చుక్కల కాగితం

మూడో రోజు పొద్దున కూడా పోలీసు జవాను రాజయ్య గడప దాటి పోలేదు. మగ్గం గుంట పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. ఒళ్లో గళ్ల కాగితం. చెవి మీద పెన్సిల్.

"పదిహేడో వరుస," అన్నాడు.

కైలాసం గుంటలో కాళ్లు దించి వెదురు పుల్లతో పడుగులో పోగులు ఏరుతున్నాడు. రెండు పైకి, మూడు కిందికి, ఒకటి పైకి. కాగితంలో చుక్క ఉన్న చోట పోగు లేవాలి. లేని చోట అణగాలి. ముప్పై రెండు గళ్లు, ముప్పై రెండు వరుసలు. పోగులన్నీ ఏరాక ఎర్ర పేక ఉన్న నాడె విసిరాడు.

"సరిగ్గనే పడ్డదా తాతా?"

"పడ్డది."

"నేను లెక్కవెడుతున్న. తప్పితే నా నౌకరీ పోతది."

"పెట్టు. నీకు చుక్కలు తెలుసు, నాకు పోగులు తెలుసు."

రాజయ్య పదిహేడో వరుస మీద అడ్డంగా గీత కొట్టాడు. సుల్తానాబాద్ దగ్గరి వరి పొలాల మనిషి. మగ్గం ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదలు. తాను కాపలా కాస్తున్నది దేనికో అతనికి సరిగ్గా తెలియదు. బట్ట పూర్తయ్యే వరకు ముసలాయన గుంట విడిచి లేవొద్దు, ప్రొఫెసరు ఇల్లు దాటొద్దు. అంతవరకే అతనికి చెప్పారు.

మొన్న ఇన్‌స్పెక్టర్ ఈ వాకిట్లోనే నిలబడి చెప్పాడు. "ఈ చుక్కలు బట్ట అంటున్నరు గదా. మంచిది, నేసి చూపెట్టుండ్రి. బట్ట అయితే బట్ట. కాకుంటే చైనోళ్లకు పంపిన రహస్యం. ఎల్లుండి పగటీలి, పన్నెండింటికి వస్త."

ఆ ఎల్లుండి ఈ రోజు.

కైలాసం చేతిలో పోగు తెగింది. పొద్దటి నుంచి అది నాలుగోది. నలభై ఏళ్లుగా నేస్తున్న చేతులు. నాలుగు పోగులు నెలకు కూడా తెగేవి కావు. ముడి వేసి మళ్లీ పుల్ల అందుకున్నాడు.

గోడకు ఆనుకుని చాప మీద కూర్చున్న కొడుకు అంబదాస్ అది చూశాడు. చూసి కళ్లు తిప్పుకున్నాడు.

వాడకట్టు అంతా అతన్ని ప్రొఫెసరనే పిలుస్తుంది. ఇంకా కాలేదు. కరీంనగర్ కాలేజీలో చరిత్ర లెక్చరరు. ఆసియా చరిత్రకు హైదరాబాద్‌లో ప్రొఫెసరు పోస్టు పడితే సెప్టెంబరులో ఇంటర్వ్యూకు పోయి వచ్చాడు. ఈ నెలాఖరుకు ఆర్డరు రావాలి. ఆర్డరు కంటే ముందు చైనాతో యుద్ధం వచ్చింది, దాని వెనకే జీపు వచ్చింది.

అనసూర్య చాయ తెచ్చి భర్త ముందు పెట్టింది. అతను గ్లాసు ముట్టలేదు.

"చల్లారుతుంది."

అతను గోడ వైపు తిరిగాడు.

"నా మీద కోపముంటే నా మీద చూపెట్టు. చాయ ఏం జేసింది?"

"ఆ చీనా బట్ట ఫోటో ఉంటే ఈ తిప్పలు ఉండకపోతుండె," అన్నాడు అంబదాస్ గోడకేసి చూస్తూ. "ఫోటో పక్కన బట్ట పెడితే అయిపోతుండె."

"కాలేజీ ముందట జీపు ఆగిందని చెప్పి పంపిండ్రు. ఫోటో ఎన్కంతా చీనా అక్షరాలు. నేనేం జెయ్యాలె? దండెం మీద ఆరెయ్యాల్నా?"

"పొయ్యిల పెడతవా?"

"నీళ్ల పొయ్యిల పెట్టిన. ఆ నీళ్లతోనే నువ్వు తానం జేసినవ్."

రాజయ్యకు నవ్వు వచ్చింది. ఆపుకుని కాగితంలోకి చూశాడు.

"దేశం మొత్తం మీద ఒక్కటే ఫోటో," అన్నాడు అంబదాస్.

"నాకు మొగడు కూడ ఒక్కడే. నస్పూర్ దిక్కు గనిల పనిజేసేటోళ్లను ఇద్దరిని చీనా మనుషులని పోలీసులు ఎత్తుకపోయిండ్రట. ఇరవై రోజులాయె. ఎక్కడున్నరో ఇంట్ల ఎవలకు ఎరుక లేదు. వాళ్లకన్న నీ పేరు మీద చీనా టపా ఎక్కువ వచ్చింది."

అంబదాస్ చాయ పక్కకు జరిపాడు. అనసూర్య గ్లాసు తీసుకుని లోపలికి పోయింది. లోపల గ్లాసు కింద పెట్టిన చప్పుడు కూడా రాలేదు.

కైలాసం అక్క సత్తమ్మ బావి నుంచి వచ్చింది. బిందె సగమే నిండి ఉంది.

"నీళ్లు లేవా అక్కా?"

"నీళ్లున్నయి. భూమవ్వ నా బిందెను కాలుతోని జరిపింది."

"ఏమన్నది?"

"ఏమనలే. గదే నాకు భయమైంది. నలబై ఏండ్ల సంది నోరు మూయని మనిషి." సత్తమ్మ రాట్నం ముందు కూర్చుని కండె అందుకుంది. "గోడ మీద బొగ్గుతోని రాసింది కడిగిన. పోలే. ఇంక పెద్దగైంది."

వీధి గోడ మీద నిన్న సాయంత్రం ఎవరో చైనోడు అని రాసిపోయారు. సత్తమ్మ అక్షరాలు చదవలేదు. కానీ అదేమిటో ఆమెకు ఎవరూ చెప్పనవసరం లేకపోయింది.

"లడాయిల బొమ్డిలా చైనోళ్ల చేతికి పోయిందట. పంచాయతీ రేడియో కాడ చెప్పుకుంటుండ్రు," అంది. "బొమ్డిలా అంటే ఎంత దూరం అల్లుడా?"

"చానా దూరం అత్తా."

"మనింటి మీదికి జీపు ఎందుకొచ్చింది మరి?"

అంబదాస్ చాప మీద పడ్డ దారపు తునకలు ఏరి పక్కన పెట్టాడు.

పొద్దెక్కింది. వరుసలు ముప్పై అయ్యాయి, ముప్పై రెండయ్యాయి. రెండో సారి కూడా పూర్తయింది. ఒక్కసారి నేస్తే చాలదని ఇన్‌స్పెక్టర్ ముందే చెప్పాడు. మూడు సార్లు వరుసగా రావాలట. రాజయ్య కాగితంలోని గీతలన్నీ తుడిచి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.

మూడో సారి సగంలో ఉండగా అతను పెన్సిల్ చెవికి పెట్టుకున్నాడు.

"తాతా, జర బీడీ తాగొస్త. నువ్వు ఒక్క వరుస కూడ నెయ్యకు. నా నోట్ల మన్ను కొట్టకు."

"పో. నెయ్య."

జవాను వాకిట్లోకి దిగాడు. కైలాసం నాడె పక్కన పెట్టాడు.

"అంబదాసూ, ఇట్ల రా."

అంబదాస్ లేచి వచ్చి గుంట అంచున కూర్చున్నాడు.

"బట్ట కింద చెయ్యి పెట్టు."

పెట్టాడు.

"ఏం తెలుస్తుంది?"

"ఏం తెలుస్తలేదు బాపు."

"తెలువది. నువ్వు ఒక్కనాడు గీ గుంటల కూసోలే. గీ నేతకు మొఖం కిందికి ఉంటది. మనకు కనవడేది ఈపు. కోసి తిప్పినంకనే మొఖం కనవడతది. కాగితం మీద గూడ ఈపే గీస్తం. అందుకే నువ్వు గుర్తువట్టలే."

"ఏం గుర్తువట్టలే?"

కైలాసం వాకిట్లోకి చూశాడు. బీడీ పొగ గుంజకు అవతల లేస్తోంది.

"చీనా నుంచి నీకు ఫోటో వచ్చింది గదా, అయిదేండ్ల కింద. మన్నుల దొరికిన బట్ట ముక్క. ఎడమ దిక్కు మూల ఒక్కటే సాఫ్ ఉండె. పది పోగులు లెక్కకచ్చినయి. కడమదంతా మసి."

"నువ్వు ముప్పై రెండు గీసిచ్చినవ్."

"పది చూసి గీసిన."

"మిగిలినయి?"

"నావి."

అంబదాస్ కళ్లద్దాలు తీశాడు. తుడవలేదు. చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

"నావి అంటే?"

"గుమ్మడి గింజ అంచు. మీ అమ్మ కట్టేది. మీ అత్త కట్టేది. వాడకట్టుల ఆడోళ్లందరు కట్టిండ్రు ఒకప్పుడు. ఇప్పుడు ఎవలు నేస్తలేరు, ఎవలు కడతలేరు."

"ఎందుకు బాపు?"

"అప్పుడు ఫోటో పట్టుకుని రెండు రోజులు గీడనే కూసున్నవ్. ఇంక కాలేదా, ఇంక కాలేదా అని. నాకు సమజయితలేదని చెప్దామనుకున్న. చిన్నప్పటి సంది నువ్వు నన్ను ఏం అడగలే. చదువు నీదే, ఊరు నీదే, పెండ్లి కూడ నువ్వే చూసుకున్నవ్. ఒక్కటి అడిగినవ్. అది నాకు రాదని ఎట్ల చెప్పాలె?"

"ఇది మన నేతే అని నువ్వే చెప్పినవ్ నాకు."

"మనదే. నేనే గీస్తిని గదా."

అంబదాస్ పీట మీది కాగితం వైపు చూశాడు. ఉర్దూ బడిలో చదివి, ఉర్దూలోనే బీఏ చేశాడు. పోలీసు చర్య తర్వాత ఆ చదువును అడిగేవాడు లేకపోతే ఇంగ్లీషులో మళ్లీ మొదలుపెట్టాడు. కలకత్తాలో నాలుగేళ్లు చీనా అక్షరాలు దిద్దాడు. ముప్పై ఆరేళ్లకు డాక్టరేటు తెచ్చుకున్నాడు. చీనా మట్టిలో దొరికిన బట్ట గోదావరి ఒడ్డున నేసిందని, పద్నాలుగు వందల ఏళ్ల కింద ఓడలెక్కి అక్కడికి పోయిందని నాలుగు వందల పేజీలు రాశాడు. ఆ నాలుగు వందల పేజీల కింద ఉన్నది ఈ కాగితం ఒక్కటే. ఇంకో పండితుడు పోల్చి చూస్తానంటే దాని నకలు పెకింగ్‌కు పంపాడు. టపాలో దాన్ని పోలీసులు విప్పారు.

"తిప్పితే గుర్తువడతరా?" అన్నాడు అంబదాస్.

"కండ్లున్న ఆడిది గుర్తువడతది."

"చుక్కలు మార్చి నేస్తే?"

"జవాను లెక్కవెడుతుండు. మారిస్తే కాగితం బట్ట కాదంటరు. నిన్ను ఎత్తుకపోతరు."

అంబదాస్ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. గొంతు బాగా తగ్గించాడు.

"పది పోగులు నిజమే గదా?"

"పది నిజం."

"పది సరిపోయినయి గదా మన అంచుకు?"

"పది పోగులు దేనికైన సరిపోతయి కొడుకా. పది పోగుల మీద అంచు నిలువది."

"పుస్తకం నిలుస్తది," అన్నాడు అంబదాస్.

కైలాసం కొడుకు మొహంలోకి చూశాడు. మూడు రోజులుగా అతను జవానుకు భయపడ్డాడు, జీపుకు భయపడ్డాడు. కొడుకును చూసి భయపడటం ఇదే మొదలు.

"ఎవలకు చెప్పకు బాపు. అనసూర్యకు కూడ."

వాకిట్లో బూట్ల చప్పుడయింది. రాజయ్య వచ్చి పీట మీద కూర్చున్నాడు.

"ఎన్నో వరుసల ఉన్నం తాతా?"

"పద్దెనిమిది," అన్నాడు కైలాసం. పుల్ల అందుకుని మళ్లీ చెప్పాడు. "పద్దెనిమిది."

జీపు పన్నెండు కాకముందే వచ్చింది.

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. హైదరాబాద్ మనిషి. నిద్ర లేని కళ్లు. అతనికీ పై నుంచి రోజుకు రెండు ఫోన్లు వస్తున్నాయి.

"అయిందా?"

"మూడు సార్లు నేసిండు సార్. ఒక్క చుక్క తప్పలే," అన్నాడు రాజయ్య లేచి నిలబడి.

"కొయ్యమను."

కైలాసం కత్తెర పెట్టాడు. తెల్ల పడుగు తెగింది. జానెడు బట్ట చేతిలోకి వచ్చింది. అతను దాన్ని వీపు పైకే పట్టుకుని అలాగే కూర్చున్నాడు. తిప్పలేదు.

"ఇటు తే."

ఇన్‌స్పెక్టర్ తీసుకుని తిప్పాడు. తెల్లటి బట్ట మీద ఎర్రటి గింజలు. రెండేసి జంటగా, ఒకదాని వెనక ఒకటి, మూడు వరుసలు.

తలుపు దగ్గర నిలబడ్డ అనసూర్య ఊపిరి వదిలింది. బట్టే. రహస్యం కాదు.

సత్తమ్మ రాట్నం వదిలి వచ్చింది. కళ్లు చికిలించింది. మొహం విప్పారింది.

"అవ్వో! గిది మన గుమ్మడి గింజ అంచే గదా కైలాసం! సారూ, గిది చీనాదెట్లయితది? నా పెండ్లి చీర అంచు సారూ! గీ వాడకట్టుల ఏ ముసలిదాన్నయిన అడుగుండ్రి. భూమవ్వను అడుగుండ్రి. ఆమెకు నా మీద కోపమున్నది, అయిన అబద్ధం చెప్పది."

ఆమె మేనల్లుణ్ని కాపాడాననుకుంది. నవ్వుతూ అంబదాస్‌కేసి చూసింది. అంబదాస్ నేలకేసి చూస్తున్నాడు.

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. మూడు రోజుల బరువు దిగినట్టు నవ్వాడు.

"చీర అంచు! దీనికోసం నాకు నిద్ర లేదు. కుర్సీ తేండ్రి. కాగితం తేండ్రి. ప్రొఫెసర్ సాబ్, మీరొక నాలుగు ముక్కలు రాసియ్యుండ్రి, ఖతం. నేను పంపిన కాగితం మా ఊరి చీర అంచు. నేను పొరపాటున దాన్ని చీనా బట్ట అని రాసుకున్న. దీంట్ల వేరే అర్థం లేదు. గంతే. కాలేజీకొక నకలు, హైదరాబాద్‌కొక నకలు. మీరు ఇంట్లనే ఉండొచ్చు."

"హైదరాబాద్‌కెందుకు?" అన్నాడు అంబదాస్.

"ప్రొఫెసరు పోస్టు మీదే అంటున్నరు గదా. వాళ్లే అడిగిండ్రు, కేసేందని."

అనసూర్య లోపలి నుంచి కలం తెచ్చి భర్త చేతికి ఇచ్చింది. "రాయి," అంది మెల్లగా. "పొరపాటని రాస్తే ఏం పోతది?"

అంబదాస్ కలం పట్టుకున్నాడు. మూత తీయలేదు.

"పొరపాటు కాదు," అన్నాడు.

"ఏందీ?"

"మా అత్త గుర్తువట్టింది మీరు విన్నరు. నేను నా పుస్తకంల రాసింది అదే. చీనాల దొరికిన బట్ట మన నేత. ఆమె చదువుకోలే. నా పుస్తకం చూడలే. అయినా గుర్తువట్టింది. అది పొరపాటు కాదు సార్, అదే సాక్ష్యం."

ఇన్‌స్పెక్టర్ బట్టను చూశాడు, సత్తమ్మను చూశాడు. అతనికి కొంచెం నమ్మబుద్ధయింది. చదువుకున్నవాడు నిలబడి చెబితే నమ్మబుద్ధవుతుంది.

"అట్లయితే ఇది చీనాదే."

"చీనాల దొరికింది. మనది."

"కాదు సారూ," అన్నాడు కైలాసం.

గుంటలో నుంచి లేవడానికి చేతి ఆసరా కోసం వెతికాడు. దొరకలేదు. కూర్చునే చెప్పాడు.

"ఫోటోల పది పోగులే కనవడ్డయి. కడమ ఇరవై రెండు నేను కలిపిన. మా ఇంటి అంచు పెట్టిన. పిలగానికి తెల్వది. తప్పు నాది. వాడు చీనోళ్లకు ఏం పంపలే. నేను గీసిన అబద్ధం పంపిండు."

సత్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఇన్‌స్పెక్టర్ అంబదాస్ వైపు తిరిగాడు. "మీకు తెలుసా ఇది?"

కైలాసం కొడుకు వైపు చూశాడు. ఇప్పుడు అంటాడు అనుకున్నాడు. తెలియదు సార్, ఇప్పుడే తెలిసింది అంటాడు. అంటే చాలు.

"మా బాపుకు వయసు మీదపడ్డది," అన్నాడు అంబదాస్. గొంతు తొణకలేదు. "మా అమ్మ పోయినప్పటి సంది మతి సరిగ్గ లేదు. ఏదో ఒకటి కల్పించి చెప్తుంటడు. మీరు పట్టించుకోవద్దు."

"ఏం మాటలవి!" అంది అనసూర్య.

"నువ్వు లోపలికి పో."

ఆమె పోలేదు.

ఇన్‌స్పెక్టర్ మొహంలో నవ్వు లేదిప్పుడు. బట్టను నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. నిమ్మళంగా, తన లెక్క తాను సరిచూసుకున్నట్టు మాట్లాడాడు.

"ప్రొఫెసర్ సాబ్, మొన్న మీరేమన్నరు? ఆ చుక్కలు బట్ట, మా నాయన నేసి చూపిస్తడు అన్నరు. నేసిండు. ఇప్పుడు ఆయనకు మతి లేదంటుండ్రు. మతి లేని మనిషి నేసింది నేను పైకి సాక్ష్యమని ఎట్ల పంపాలె? అట్లయితే ఇది మళ్ల రహస్యమే. మీరు నాతోని వస్తరు. ఎప్పుడొస్తరో నేను చెప్పలేను."

అంబదాస్ చేతిలోని కలం వైపు చూశాడు.

"తాతకు మతి ఉన్నదంటే ఇది చీర అంచు. మీ పుస్తకం తప్పు. నాలుగు ముక్కలు రాసి ఇంట్లనే ఉంటరు." గుంట దగ్గరికి వచ్చి వంగాడు. "నువ్వే చెప్పు తాతా. నీకు మతి ఉన్నదా, లేదా?"

కైలాసం జవాబు చెప్పేలోపు అంబదాస్ రెండడుగులు ముందుకు వచ్చాడు. ఇన్‌స్పెక్టర్ ఉన్నాడని మరిచిపోయాడు. భార్య ఉందని మరిచిపోయాడు.

"బాపూ. లేదని చెప్పు. జైల్ల పెడితే పెట్టనీ. ఎప్పటికైన యిడిచిపెడతరు. పుస్తకం పోతే నాకేం లేదు. లేదని చెప్పు."

"ఏడికి తోలుకపోతరో ఎరుక లేదు మామా!" అంది అనసూర్య. ఆమె గొంతు ఇల్లంతా వినిపించింది. "ఉన్నదని చెప్పు! నీ కాళ్లు మొక్కుత!"

కైలాసం ఇద్దరినీ చూశాడు. కత్తెర గుంట అంచున పెట్టాడు.

"మతి ఉన్నది సారూ," అన్నాడు. "రాసుకో. నేను సాఫ్ ఉన్న. వాడు చెప్పేది అబద్ధం."

అంబదాస్ తండ్రి వైపు చూసిన చూపు సత్తమ్మ చూడలేకపోయింది. గోడ వైపు తిరిగింది.

ఇన్‌స్పెక్టర్ తెల్ల కాగితం మీద తానే నాలుగు వాక్యాలు రాశాడు. కింద సంతకానికి చోటు వదిలి కుర్సీ చేతి మీద పెట్టాడు.

"పెట్టుండ్రి. లేకుంటే నడువుండ్రి. నాకు కరీంనగర్ చేరాలె."

అంబదాస్ కలం మూత తీశాడు. కాగితం చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. ఎవరి వైపూ చూడలేదు.

వీధిలో డ్రైవరు జీపు స్టార్టు చేశాడు.